చప్పట్లకూ అనుమానానికీ మధ్య టూర్ డి ఫ్రాన్స్

2024 జులై 14, ఆదివారం. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం నడుస్తోంది. ఫ్రాన్స్ దక్షిణాన పిరనీస్ కొండల్లో ప్లాటో డి బేయ్ అనే ఘాట్ రోడ్డు. డెన్మార్క్ కుర్రాడు యోనాస్ వింగెగార్ నోరు తెరుచుకుని తొక్కుతున్నాడు. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో, పసుపు జెర్సీలో స్లొవేనియా వాడు తాదేయ్ పొగాచర్. పైకి చేరడానికి ఇంకా ఐదు కిలోమీటర్ల చిల్లర ఉందనగా పొగాచర్ సీటు మీంచి లేచాడు, నాలుగు తొక్కులు గట్టిగా తొక్కాడు, అంతే, వెళ్లిపోయాడు. నేను సోఫాలోంచి లేచి అరిచాను. వంటింట్లోంచి "ఏమైంది, ఎవరైనా పడ్డారా?" అని కేక వినిపించింది.

కాసేపటికి ఆ కొండ ఎక్కడానికి పట్టిన టైం లెక్కలు బయటికొచ్చాయి. 1998లో ఇటలీ రైడర్ మార్కో పాంతానీ పెట్టిన రికార్డు కంటే మూడు నిమిషాలకు పైగా తక్కువ. వెనకబడి ఓడిపోయిన వింగెగార్ కూడా పాంతానీని రెండు నిమిషాలకు పైగా దాటేశాడు. అది చదివాక నా ఉత్సాహం సగానికి పడిపోయింది. కారణం పాంతానీ అల్లాటప్పా మనిషి కావడమేమీ కాదు. 1998 నాటి శాంపిళ్లను తర్వాత మళ్లీ పరీక్షిస్తే పాంతానీ నిషేధిత మందు వాడినట్టు తేలిందని 2013లో ఫ్రెంచ్ సెనేట్ నివేదిక బయటపెట్టింది. నిషేధిత మందు వాడి కొండెక్కినవాడిని ఏ మందూ లేకుండా మూడు నిమిషాల తేడాతో దాటడం ఎలా సాధ్యం?

సాధ్యమేననే వాళ్లున్నారు, వాళ్ల దగ్గర గట్టి కారణాలున్నాయి. కాదనే వాళ్లున్నారు, వాళ్ల దగ్గర గట్టి చరిత్ర ఉంది. ఈ రెండింటి మధ్యా ఏటా జులైలో మూడు వారాలు నాలాంటి వాళ్లం ఊగిసలాడుతుంటాం. ఈ గొడవ అర్థం కావాలంటే ముందు ఈ పందెం ఎలా నడుస్తుందో తెలియాలి. ఎప్పుడూ చూడని వాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

మూడు వారాలు, ఒకే గడియారం

టూర్ డి ఫ్రాన్స్ అంటే 21 రోజుల పందెం, మధ్యలో రెండు రోజులు సెలవు, మొత్తం 23 రోజులు. ఒక్కో రోజు పందాన్ని స్టేజ్ అంటారు. 2025లో మొత్తం దూరం దాదాపు 3,300 కిలోమీటర్లు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు మీద వచ్చే దూరం కంటే కాస్త తక్కువ. కొన్ని స్టేజ్‌లు చదును నేల మీద, కొన్ని ఆల్ప్స్, పిరనీస్ కొండల్లో, ఒకటో రెండో 'టైం ట్రయల్' పద్ధతిలో ఉంటాయి. టైం ట్రయల్ అంటే ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి గడియారంతో కొలవడం.

ఏ రోజు పందెం ఆ రోజుదే అయినా అసలు గెలుపు మొత్తం టైం మీద. అన్ని రోజుల టైమూ కలిపితే ఎవరిది అందరికంటే తక్కువో అతనికి పసుపు జెర్సీ. రోజూ లెక్క మారుతుంది కాబట్టి జెర్సీ కూడా చేతులు మారుతుంది. చివరి రోజు ఎవరి ఒంటి మీదుంటే వాడు విజేత. గీత దగ్గర ఒక్కసారిగా వేగంగా దూసుకెళ్లే స్ప్రింట్లలో పాయింట్లు సంపాదించేవాడికి పచ్చ జెర్సీ, కొండలెక్కడంలో మేటికి తెలుపు మీద ఎర్ర చుక్కల జెర్సీ, కుర్రాళ్లలో ముందున్నవాడికి తెల్ల జెర్సీ.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. ఒక్క స్టేజ్ కూడా గెలవకుండా టూర్ మొత్తం గెలవొచ్చు. 1990లో అమెరికన్ గ్రెగ్ లెమాండ్, 2019లో కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్ అలాగే గెలిచారు. ఏ రోజూ మొదటివాడు కాకపోయినా ఏ రోజూ ఎక్కువ పోగొట్టుకోనివాడు పైకొస్తాడు.

ఈ లెక్క ఎంత సన్నగా తేలుతుందో చూడాలంటే మహిళల టూర్‌కి వెళ్లాలి. 2024 ఆగస్టులో చివరి స్టేజ్ ఆల్ప్ డుయెజ్ కొండ మీద ముగిసింది. ఆ ఉదయం పసుపు జెర్సీ పోలండ్ రైడర్ కాసియా నెవియాడోమాది. నెదర్లాండ్స్‌కి చెందిన డెమీ వోలరింగ్ ఆమెకంటే 1 నిమిషం 15 సెకన్లు, అంటే 75 సెకన్లు వెనకుంది. మూడు రోజుల ముందు వోలరింగ్ గమ్యం దగ్గర్లో కిందపడి సమయం పోగొట్టుకుంది. చివరి రోజు వోలరింగ్ గెలిచింది. నెవియాడోమా 61 సెకన్ల తర్వాత గీత దాటింది. స్టేజ్ గెలిచినవాళ్లకి 10 సెకన్ల బోనస్ ఉంటుంది. 61కి 10 కలిపితే 71. డెబ్భై ఐదులోంచి డెబ్భై ఒకటి తీసేస్తే మిగిలింది 4. ఎనిమిది స్టేజ్‌లు తొక్కాక నాలుగు సెకన్లతో నెవియాడోమా గెలిచింది. పురుషుల టూర్‌లో కూడా ఇంత తక్కువ తేడా ఎప్పుడూ రాలేదు. అక్కడ రికార్డు 1989లో లెమాండ్ ఫ్రెంచ్ రైడర్ లోరాన్ ఫిన్యోని ఓడించిన 8 సెకన్లు.

ఆ రోజు పడిపోయినప్పుడు వోలరింగ్ ఇంకో ఐదు సెకన్లు ముందు లేచి ఉంటే? ఆ 'ఉంటే' కోసమే ఈ ఆట చూస్తామేమో.

ఎదురుగాలిని కోసేది ఒకరు, కప్పు ఎత్తేది ఇంకొకరు

చిన్నప్పుడు బడి నుంచి వస్తూ చెరకు ట్రాక్టర్ వెనకో, గడ్డి ట్రక్కు వెనకో సైకిల్ తొక్కినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ నీడలోకి వెళ్లగానే ఎదురుగాలి ఆగిపోతుంది. పెడల్ తేలికైపోతుంది. పక్కకి తప్పుకోగానే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపినట్టుంటుంది.

టూర్ అంతా ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. చదును నేల మీద గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. ఇంకొకరి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వెళితే దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. పెద్ద గుంపు మధ్యలో ఇంకా ఎక్కువ. ఆ పెద్ద గుంపునే 'పెలటాన్' అంటారు.

అందుకే ఇది జట్టు ఆట. 2018 నుంచీ ఒక్కో జట్టులో ఎనిమిది మంది. గెలవాల్సిన నాయకుడు ఒకడే, మిగిలిన ఏడుగురూ అతనికి గాలి అడ్డం పెట్టాలి, వెనక కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని తేవాలి, అతని టైరు పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇవ్వాలి. ఈ సహాయకులను ఫ్రెంచ్‌లో 'డొమెస్టీక్' అంటారు, అంటే పనివాడు. పేరులో మర్యాదేమీ లేదు. వాళ్లేమో ఆ పేరుని గర్వంగా చెప్పుకుంటారు.

నాకు ఈ ఆట మీద ఉన్న ఇష్టమంతా ఒక సీన్‌లో చూపించమంటే 2022 జులై 21 చూపిస్తాను. లూర్ద్ నుంచి ఓటకామ్ కొండకి స్టేజ్. వింగెగార్ పసుపు జెర్సీలో ఉన్నాడు, రెండో స్థానంలో పొగాచర్. ఒక ఘాట్ దిగుతుండగా మలుపులో కంకర మీద పొగాచర్ చక్రం జారింది. పడ్డాడు. తొడ పక్కన బట్ట చిరిగి చర్మం లేచిపోయింది. వింగెగార్ అప్పుడు గట్టిగా తొక్కి ఉంటే టూర్ అక్కడే తేలిపోయేది. అతను వెనక్కి చూసి, వేగం తగ్గించి, పొగాచర్ వచ్చేదాకా ఆగాడు. పొగాచర్ అందుకున్నాక పక్కనుంచి చెయ్యి చాచాడు, ఇద్దరూ కదులుతున్న సైకిళ్ల మీదే చేతులు కలిపారు. తర్వాత చివరి కొండ మీద వింగెగార్ జట్టు సహచరుడు వౌట్ వాన్ ఆర్ట్, బరువైన మనిషి, పచ్చ జెర్సీ మనిషి, కొండలెక్కడం తన పని కాకపోయినా ముందుండి లాగి లాగి పొగాచర్‌ని వెనకపడేశాడు. వింగెగార్ గెలిచాడు.

మర్యాద, సేవ, క్రూరత్వం ఒకే గంటలో. ఇంకే ఆటలోనూ నాకిది దొరకలేదు. ఈ ఆట మీద అనుమానం వచ్చినప్పుడు మనసు ఎందుకంత బాధపడుతుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

పత్రిక అమ్ముకోవడానికి పుట్టిన పందెం

"పాతకాలంలో ఆట స్వచ్ఛంగా ఉండేది, డబ్బొచ్చి పాడుచేసింది" అనే మాట క్రికెట్ గురించీ వింటుంటాం. టూర్ విషయంలో ఆ మాట అస్సలు నిలబడదు. 1903లో 'లోటో' అనే ఫ్రెంచ్ క్రీడా పత్రిక తన సర్క్యులేషన్ పెంచుకోవడానికే దీన్ని మొదలుపెట్టింది. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. 60 మంది బయల్దేరితే 21 మంది పూర్తిచేశారు. ఆ పత్రికను పసుపు కాగితం మీద అచ్చేసేవాళ్లు. 1919లో ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇవ్వడం మొదలైంది, ఆ రంగు అక్కడిదేనని అందరూ చెప్పే మాట.

మోసం మాత్రం ఎంతో కాలం ఆగలేదు. రెండో ఏడాదికే వచ్చేసింది. 1904లో కొందరు రాత్రిపూట రైలెక్కారని, కార్లు పట్టుకుని వెళ్లారని ఆరోపణలొచ్చాయి. విచారణ తర్వాత మొదటి నాలుగు స్థానాల వాళ్లనీ కొట్టేసి, పందెం నాటికి ఇరవై ఏళ్లు నిండని ఆన్రీ కోర్నేని విజేతగా ప్రకటించారు. నిరుటి విజేత మోరిస్ గారిన్ కూడా కొట్టివేతకు గురైనవాళ్లలో ఉన్నాడు.

నిర్వాహకుల రూల్స్ కూడా తక్కువేం కాదు. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే రైడర్ టూర్మలే కొండ దిగుతుంటే సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవాలని నియమం. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింది ఊళ్లో కొలిమి వెతుక్కున్నాడు. తనే ఇనుము కాల్చి, తనే సుత్తి పట్టి ఫోర్కు అతికించాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూశారు. చేతులు రెండూ ఖాళీ లేక కొలిమి తిత్తి ఊదే పని అక్కడి పిల్లాడికి అప్పజెప్పాడు. బయటివాడి సాయం తీసుకున్నందుకు శిక్షగా అతని టైంకి నిమిషాలు కలిపారు! మన పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర తిత్తి లాగిన పిల్లలెవరికైనా ఈ కథ చెబితే ఎవరి పక్షం నిలబడతారో ఊహించుకోండి.

ఖాళీగా ఉన్న ఏడు వరుసలు

ఇప్పుడు డోపింగ్. పదాలు ముందు తేల్చుకుందాం.

ఒంట్లో ఆక్సిజన్ మోసేది ఎర్ర రక్తకణాలు. వాటిని తయారుచెయ్యమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోన్ పేరు ఎరిత్రోపాయిటిన్, పొట్టిగా ఈపీఓ. కిడ్నీలు దాన్ని తయారుచేస్తాయి. డయాలసిస్ మీదున్న బంధువులెవరైనా ఉంటే ఆ ఇంజెక్షన్ పేరు మీకు తెలిసే ఉంటుంది, రక్తం తగ్గకుండా వాళ్లకి ఇస్తారు. అదే ఇంజెక్షన్ ఆరోగ్యవంతుడైన సైక్లిస్టుకి ఇస్తే కణాలు పెరిగి, కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అంది, అలసట ఆలస్యంగా వస్తుంది. రక్తం చిక్కబడి గుండెకు ప్రమాదమూ పెరుగుతుంది.

రక్తంలో ఎర్రకణాల వంతును హెమటోక్రిట్ అంటారు. ఈపీఓని పట్టుకునే పరీక్ష లేని రోజుల్లో, 1997లో, అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ఒక గీత గీసింది. 50 శాతం దాటితే ఆరోగ్య కారణాలతో రెండు వారాలు పక్కన కూర్చోవాలి. దీంతో ఏమైందో రెండు ఊహా రైడర్లతో చూద్దాం. ఒకడికి పుట్టుకతో 41 శాతం, ఇంకొకడికి 48. ఇద్దరూ మందు వాడి 49.9 దాకా వెళ్లారు. మొదటివాడికి దాదాపు తొమ్మిది పాయింట్ల లాభం, రెండోవాడికి రెండే. "అప్పట్లో అందరూ వాడారు కదా, ఇక తేడా ఏముంది" అనే వాదన ఇక్కడే కుప్పకూలుతుంది. అందరూ వాడినా లాభం అందరికీ ఒకేలా రాదు. మందుకి ఎవరి ఒళ్లు బాగా స్పందిస్తే, ఎవరి డాక్టర్ తెలివైనవాడైతే వాళ్లు గెలుస్తారు.

నిజానికి ఈపీఓ రాకముందూ మందులున్నాయి. 1967లో బ్రిటిష్ రైడర్ టామ్ సింప్సన్ మాన్ వాంటూ కొండ మీద మండుటెండలో పడిపోయి చనిపోయాడు, ఒంట్లో యాంఫెటమిన్లు దొరికాయి. శిఖరానికి కొంచెం కింద అతని స్మారక రాయి ఉంది. అభిమానులు అక్కడ నీళ్ల సీసాలు, టోపీలు వదిలి వెళుతుంటారు. మందు వాడి చనిపోయినవాడికి పూలు పెట్టినట్టు సీసాలు పెట్టడం బయటివాళ్లకి వింతగా ఉంటుంది. టూర్ అభిమానులకి ఉండదు.

1998లో టూర్ మొదలవడానికి ముందే ఫెస్టినా జట్టు సహాయకుడి కారులో ఈపీఓతో సహా మందుల మూట పట్టుబడింది. ఆ జట్టును సాగనంపారు. ఆ మరుసటి ఏడాది క్యాన్సర్ నుంచి కోలుకున్న అమెరికన్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచాడు. వరసగా 2005 దాకా ఏడుసార్లు గెలిచాడు. చావుని జయించినవాడు కొండల్ని జయించాడు అన్న కథ ఎవరికి నచ్చదు? నాకూ నచ్చింది. వందల పరీక్షలు చేశారు, ఏ ఒక్కదానితోనూ నిషేధం పడలేదు. 2012లో అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ అతని సహచరుల సాక్ష్యాలతో కేసు తేల్చింది. ఏడు టైటిళ్లూ పోయాయి. 2013 జనవరిలో టీవీ ఇంటర్వ్యూలో అతనే ఒప్పుకున్నాడు.

ఆ ఏడేళ్లకీ రెండో స్థానం వాళ్లని విజేతలుగా ప్రకటించలేదు. వాళ్లలో చాలామంది మీదా మచ్చలున్నాయి మరి. అందుకని విజేతల పట్టికలో 1999 నుంచి 2005 దాకా ఎవరి పేరూ లేదు. 1996 దగ్గర మాత్రం బ్యార్న్ రీస్ పేరు అలాగే ఉంది. ఈపీఓ వాడానని అతనే 2007లో చెప్పాడు. చర్య తీసుకునే గడువు దాటిపోయింది. 2006లో ఫ్లాయిడ్ లాండిస్ టైటిల్ పోతే రెండోవాడికి ఇచ్చారు, 2010లో కొంటడోర్ టైటిల్ పోయినప్పుడూ రెండోవాడికే ఇచ్చారు. ఒకే పట్టికలో మూడు రకాల న్యాయం.

2008 నుంచి 'బయలాజికల్ పాస్‌పోర్ట్' వచ్చింది. మందు కోసం వెతకడం కంటే ఒక్కో రైడర్ రక్తపు విలువల్ని ఏళ్ల తరబడి నమోదుచేసి, అతని సొంత చరిత్రతో పోల్చి తేడాలు పట్టుకునే పద్ధతి ఇది. పెద్ద మోతాదులు దీనికి దొరుకుతాయి. మరీ చిన్న మోతాదులు తప్పించుకునే వీలుందని నిపుణులే ఒప్పుకుంటారు.

ఐదు సీలింగ్ ఫ్యాన్లు తిప్పే కాళ్లు

ఇప్పుడు మళ్లీ ప్లాటో డి బేయ్‌కి వద్దాం. కాగితం మీద మనమే లెక్కేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

కొండ పొడవు సుమారు 15.8 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 1,250 మీటర్లు. మనిషి 65 కిలోలు అనుకుందాం, సైకిల్, బట్టలు, నీళ్లు కలిపి ఇంకో 9. మొత్తం 74 కిలోలు. ఆ బరువుని 1,250 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తి 74 × 9.81 × 1,250, అంటే దాదాపు 9 లక్షల 7 వేల జౌళ్లు. టైం సుమారు 40 నిమిషాలు, 2,400 సెకన్లు. భాగిస్తే 378 వాట్లు. మన ఇళ్లలో మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. ఐదు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో నలభై నిమిషాలు. ఇది భూమ్యాకర్షణ మీద గెలవడానికి మాత్రమే. గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాడు కాబట్టి గాలి, టైర్ల రాపిడి కోసం ఇంకో ఫ్యాన్ వేసుకోవచ్చు. అదీ అంతకుముందు నాలుగు గంటలకు పైగా కొండలు తొక్కాక, రెండు వారాల పందెం కాళ్లలో ఉండగా.

నమ్మేవాళ్లు ఏమంటారు? 1998 సైకిల్‌కీ ఇప్పటి సైకిల్‌కీ పోలికే లేదంటారు. ఫ్రేమ్, టైర్లు, హెల్మెట్, బట్టలు, అన్నీ విండ్ టన్నెల్లో తేల్చినవి. తిండి ఇంకా పెద్ద మార్పు. అప్పట్లో గంటకి తీసుకునే పిండిపదార్థాల కంటే ఇప్పుడు చాలా ఎక్కువ, కొందరు గంటకు 120 గ్రాముల దాకా, కడుపుకి అలవాటు చేసుకుని మరీ తీసుకుంటున్నారు. చివరి కొండకి వచ్చేసరికి ఒళ్లు ఖాళీ అవ్వదు. ఎంత శక్తితో తొక్కుతున్నారో కొలిచే పవర్ మీటర్ సైకిల్‌కే ఉంటుంది కాబట్టి శిక్షణలో ఊహాగానాలు లేవు. పైగా ఆ రోజు వింగెగార్ జట్టు కింది నుంచే విపరీతమైన వేగం పెట్టింది.  ఇవన్నీ నిజాలే.

అనుమానించేవాళ్ల జవాబు కూడా సూటిగా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలంలోనూ ఇలాంటి కారణాలే చెప్పారు. బరువు తగ్గాడన్నారు, పెడల్ వేగం పెంచాడన్నారు, అందరికంటే ఎక్కువ సాధన చేస్తాడన్నారు. అందులో చాలావరకు నిజమే, కానీ మొత్తం నిజం కాదు. ఏ పరీక్షలోనూ దొరకలేదన్న మాట ఆ ఏడేళ్లలో ఎంత విలువ చేసిందో చూశాం కదా అంటారు.

2024 టూర్ జరుగుతుండగానే ఇంకో చర్చ మొదలైంది. కొన్ని పెద్ద జట్లు కార్బన్ మోనాక్సైడ్‌ని కొలిచి పీల్పించే పరికరం వాడుతున్నాయని వార్త వచ్చింది. ఆ వాయువు హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది, దాన్ని బట్టి ఒంట్లో మొత్తం హిమోగ్లోబిన్ ఎంతుందో లెక్కగట్టొచ్చు. ఎత్తైన చోట్ల సాధన ఫలించిందో లేదో తెలుసుకోవడానికే వాడుతున్నామని జట్లు చెప్పాయి, అప్పటికి అది నిషేధమూ కాదు. అదే వాయువుని పదేపదే పీలిస్తే ఒళ్లు కొండమీదున్నట్టు భ్రమపడి రక్తకణాలు పెంచుకునే అవకాశముంది. దీంతో 2025 ఫిబ్రవరిలో యూసీఐ ఆ వాడకాన్ని కట్టడి చేసింది. పరీక్ష కోసం కాకుండా వేరే పనికి వాడటం ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2026 నిషేధిత జాబితాలోకీ ఎక్కింది. పరీక్షకీ మందుకీ మధ్య గీత ఎంత సన్నదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పొగాచర్ మీద ఇప్పటిదాకా ఏ రుజువూ లేదు. 2020, 2021, 2024, 2025లలో నాలుగుసార్లు గెలిచాడు, ఎప్పుడూ పరీక్షలో తప్పలేదు. అతన్ని దొంగ అనే హక్కు నాకు లేదు. కళ్లు మూసుకుని నమ్మే అమాయకత్వం కూడా మిగల్లేదు. నా అనుమానానికి అతను చేసిందేమీ లేదు, అతనికంటే ముందువాళ్లు చేసిన పాపం అది. వాళ్ల బాకీ వడ్డీతో సహా ఇతను కడుతున్నాడు. ఇది అన్యాయమని తెలుసు, అయినా వసూలు చేస్తూనే ఉన్నాను.

టికెట్ లేని ఆటలో జీతాలెవరిస్తారు?

టూర్ చూడటానికి టికెట్ అక్కర్లేదు. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే. ఇది దాని అందం, దాని జబ్బు కూడా.

ఐపీఎల్‌తో పోల్చి చూడండి. సన్‌రైజర్స్‌కి ఉప్పల్ స్టేడియంలో టికెట్ల డబ్బు వస్తుంది, టీవీ హక్కుల మొత్తంలో బోర్డు నుంచి వాటా వస్తుంది, ఆ పైన స్పాన్సర్లు. ఇప్పుడు మొదటి రెండూ తీసేయండి. మిగిలింది సైక్లింగ్ జట్టు. టూర్‌ని నడిపే ఏఎస్ఓ సంస్థ టీవీ హక్కుల ఆదాయాన్ని జట్లకు పంచదు. కాబట్టి జట్టుకి స్పాన్సరే తల్లీ తండ్రీ, జట్టు పేరు కూడా స్పాన్సర్ పేరే. ఆ కంపెనీ మనసు మార్చుకుంటే జట్టే మాయమవుతుంది. టూర్ విజేతకి ఇచ్చేది 5 లక్షల యూరోలు, సుమారు 5 కోట్ల రూపాయలు. దాన్నీ సహచరులతో, సిబ్బందితో పంచుకోవడం ఆనవాయితీ. 2025 ఐపీఎల్ గెలిచిన జట్టుకి 20 కోట్లు. మహిళల టూర్ విజేతకి 50 వేల యూరోలు, పురుషుల దాంట్లో పదో వంతు. నాలుగు సెకన్ల ఉత్కంఠకి దక్కింది అది.

ఈ ఖాళీలోకి దేశాలు వచ్చాయి. పొగాచర్ జట్టు పేరులో యూఏఈ ఉంది, ఇంకో జట్టు పేరులో బహ్రెయిన్. మానవ హక్కుల మీద విమర్శలున్న ప్రభుత్వాలు ఆటతో పేరు కడుక్కుంటున్నాయని ఒక వాదన. ఆ డబ్బు లేకపోతే వందలమంది రైడర్లు, మెకానిక్‌లు రోడ్డున పడతారని, చమురు, రసాయనాల కంపెనీల జట్లను ఏమీ అనకుండా వీళ్లనే ఎందుకంటారని ఇంకో వాదన. 2025 సెప్టెంబరులో స్పెయిన్ టూర్‌లో ఇజ్రాయెల్ పేరున్న జట్టుకి వ్యతిరేకంగా నిరసనకారులు రోడ్లెక్కడంతో మాడ్రిడ్‌లో చివరి స్టేజ్ మధ్యలోనే ఆగిపోయింది. గోడల్లేని స్టేడియంలోకి చప్పట్లు కొట్టేవాళ్లు ఎంత సులువుగా వస్తారో నిరసన తెలిపేవాళ్లూ అంతే సులువుగా వస్తారు.

నా దగ్గర దీనికి తీర్పు లేదు. పొగాచర్ జెర్సీ కొనాలనుకుని, ఛాతీ మీద పేరు చూసి, రెండుసార్లు కార్ట్‌లోంచి తీసేశాను.

వెనకబడ్డ గుంపు

మన టైం ప్రకారం స్టేజ్‌లు మామూలుగా రాత్రి తొమ్మిదికి అటూ ఇటూ ముగుస్తాయి. విజేత చేతులెత్తగానే ఇంట్లో రిమోట్ అడుగుతారు. ఈమధ్య నేను ఇవ్వడం లేదు. నాకు అసలు పందెం అప్పుడే మొదలవుతుంది.

టూర్‌లో గడువు అని ఒకటుంది. విజేత టైంకి కొంత శాతం కలిపి ఆ రోజుకి గడువు కడతారు. అది దాటితే ఇంటికే. కొండ రోజుల్లో బరువైన స్ప్రింటర్లు, అలసిన డొమెస్టీక్‌లు వెనక ఒక గుంపుగా చేరి, మనసులో లెక్కలేసుకుంటూ, గడువులోపల సరిగ్గా సరిపడేంత తొక్కుతారు. ముందు వరసలో ఉన్నవాళ్ల గురించి వచ్చే అనుమానాలు వెనకవాళ్లకి అంటవని అనుకోవడానికి లేదు. 1998లో వెనకున్నవాళ్లూ మందులు వాడారు. అయినా వాళ్లని చూస్తుంటే ఎందుకో ప్రశాంతంగా ఉంటుంది.

2024 జూన్ 29, మొదటి రోజే, ఫ్లోరెన్స్ నుంచి రిమినీకి ఎండలో కొండలు. ముందు ఫ్రాన్స్ రైడర్ రొమాన్ బార్డే గెలిచి, తన చివరి టూర్‌లో మొదటిసారి పసుపు జెర్సీ వేసుకున్నాడు. వెనక 39 ఏళ్ల బ్రిటిష్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ మొదటి కొండ మీదే వాంతి చేసుకున్నాడు. అప్పటికి అతను 34 స్టేజ్‌లు గెలిచాడు, బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ రికార్డుతో సమానం. ముప్ఫై ఐదోది కోసమే రిటైర్మెంట్ వాయిదా వేసుకుని వచ్చాడు, మొదటి రోజే ఇల్లు చేరేలా ఉన్నాడు. సహచరులు అతన్ని వదల్లేదు. ముందు నడిచి గాలి ఆపారు, మెడ మీద నీళ్లు పోశారు. విజేత టైం 5 గంటల 7 నిమిషాలు, గడువు దాని తర్వాత 50 నిమిషాలకు కాస్త తక్కువ. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూర్చున్నాను. దాదాపు 40 నిమిషాలు వెనకగా వాళ్లంతా కలిసి గీత దాటారు.

నాలుగు రోజుల తర్వాత సాన్ వుల్బాస్‌లో కావెండిష్ ముప్ఫై ఐదోది గెలిచాడు. ఆ రోజు మళ్లీ సోఫాలోంచి లేచి అరిచాను. టైం రికార్డులేమీ వెతకలేదు.